చక్రాల యింటికి మజిలీ ఎక్కడ?

బాటసారికి పగలు దారి చింత, ప్రొద్దు వాలినపుడు మజిలీ చింత. ఈ రెంటిలో రెండవదే పెద్దది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణము నుండి పరివారముతో కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి యిల్లు చేరిరి. ఆ పదునైదు నెలల ప్రయాణమును గూర్చి ఆయన వ్రాసిన దానిని చదివినచో, దేవాలయములను వర్ణించినంత శ్రద్ధతోనే మజిలీలను గూర్చియు వ్రాసినట్లు కనబడును. ఊరిలో అంగళ్లు కలవా, నీళ్లు మంచివా, దిగుటకు చోటున్నదా అనునవి ఆయన ప్రతిదినము విచారించిన సంగతులు. అయినను ఆయనకు చెన్నపట్టణములో ఇల్లున్నది. ఎన్ని మజిలీలు చెడినను తుదకు ఆ గుమ్మము త్రొక్కవచ్చునను ధైర్యమున్నది. ఆ గుమ్మమే లేక, ఏ పూటకు దిగిన చోటే ఆ పూటకు ఇల్లుగా బ్రతుకువారి మాటయేమి?

అట్టివారు నేడు అమెరికా సంయుక్త రాష్ట్రములలో లక్షల సంఖ్యలో నున్నారు. వారు స్థిరమైన యిల్లు అమ్ముకొని, లేదా అద్దె చెల్లింపలేక విడిచిపెట్టి, మోటారు వాహనమునే యిల్లు చేసికొన్నారు. దీనిని అచ్చట ఆర్.వి. అందురు. కొన్ని బస్సువలె తామే నడచును. కొన్ని కారు వెనుక తగిలించి లాగుకొనిపోవు ట్రైలరులు. లోపల పడక, పొయ్యి, స్నానపుగది, మరుగుదొడ్డి అన్నియు నుండును. చూచుటకు ముచ్చటయే. కాని ఆ ముచ్చటకు అడుగున మూడు తొట్లు కలవు. ఒకటి మంచినీటిది, ఒకటి వంటయింటి, స్నానపు మురికినీటిది, మూడవది మరుగుదొడ్డిది. మొదటిది ఖాళీ అగుటకును, కడపటి రెండును నిండుటకును పట్టు దినములు వ్రేళ్లపై లెక్కింపవచ్చును. కావున చక్రములున్నంత మాత్రమున ఆ యిల్లు నేలను విడిచినది కాదు. చదునైన నేల, నీటి కుళాయి, విద్యుత్తు తగిలించుకొను స్తంభము, మురికిని దింపు గుంట, ఉత్తరములు అందుకొనుటకొక చిరునామా, ఇవి ఎక్కడ దొరకునో అక్కడికే పోవలెను. ఇవన్నియు దొరికిన పిమ్మటకూడ ఒక ప్రశ్న మిగిలియుండును. ఇచ్చట దిగనిచ్చువారెవరు, ఎన్ని దినములు ఉండనిత్తురు? అమెరికాలో మజిలీ స్థలముల చరిత్రను చూచినచో, నీటికంటెను నీడకంటెను ఈ ప్రశ్నయే అందులో ఎక్కువ చోటు ఆక్రమించినట్లు తోచును.

రైలుమార్గము 1869 లో ఖండమును దాటకముందు, మూడు లక్షలకు పైగా జనులు ఎడ్లబండ్లపై పడమటి దేశమునకు తరలిపోయిరి. గుడ్డ కప్పు వేసిన ఆ బండియే వారికి నాలుగైదు నెలలు సంసారము. రోజుకు పదునైదు మైళ్లు నడచుట గొప్ప. మార్సీ అను సైనికాధికారి 1859 లో ఈ ప్రయాణికులకై ఒక మార్గదర్శి గ్రంథము ప్రకటించెను. విడిది చేయుటకు నీరు, పశువులకు గడ్డి, వంటచెరకు, రాత్రి కాపుదలకు అనువైన చోటు ఎట్లు చూచుకొనవలెనో అందులో వివరించెను. బండ్లను వలయాకారముగా నిలుపుట చలనచిత్రములలో మనము చూచినదే. పశువులు చెదరిపోకుండ దొడ్డివలె ఉపయోగపడుటయే దాని నిత్యప్రయోజనము. ఒక్క చిక్కు మాత్రము ఏ మార్గదర్శికిని అందలేదు. మంచి విడిదియని పేరుపడిన చోటనే అందరును దిగిరి. 1849 మొదలు ప్లాట్ నదీతీరమున కలరా వ్యాపించి వేలమందిని పొట్టనబెట్టుకొనెను. ముందు దిగినవారు విడిచిన మలినమే వెనుక వచ్చినవారు త్రాగిరి. మజిలీని ఎన్నుకొనుటయన్న నాడు ప్రాణములతోడి పని.

ఆ నేల యెవరిది? అచ్చటి ఆదివాసుల జాతులది. బండ్లవారి పశువులు గడ్డి మేసివేసినవి, అడవి దున్నలు చెదరిపోయినవి. 1851 లో లారమీ కోటవద్ద ఒక సంధి జరిగెను. బాటసారులను పోనిచ్చినందులకు ఏటా 50,000 డాలర్ల విలువగల సరుకులు ఏబదియేండ్లపాటు ఇత్తుమని ప్రభుత్వము పక్షమున ఒప్పుకొనిరి. సెనేటుసభ ఆ ఏబదిని పదికి తగ్గించివేసెను. మజిలీకి అద్దె అనునది ఆ దేశములో మొట్టమొదట ఎగవేసినవారు, నా దృష్టిలో, బీదబాటసారులు కారు.

ఇక మోటారు యుగము. హెన్రీ ఫోర్డు 1908 లో తెచ్చిన మోడల్ టి కారు, 1925 నాటికి 300 డాలర్ల లోపునకే దొరకినది. ధనవంతుల కొరకు 1910 లోనే పియర్స్-యారో కంపెనీ పడకగా పరచుకొను సీటుగల కారును ప్రదర్శించినది గాని, సామాన్యుడు తన కారుకు ప్రక్కన గుడారము కట్టుకొనుటతోనే తృప్తిపడెను. ఫోర్డు, ఎడిసను, టైర్ల వ్యాపారి ఫైర్‌స్టోను, ప్రకృతి రచయిత బరోసు కలిసి ఆ కాలమున ఏటేటా కార్లలో విడిదియాత్రలు చేసిరి. 1921 లో దేశాధ్యక్షుడు హార్డింగే వారి గుడారములకు అతిథిగా వచ్చెను. వంటవారు, నౌకర్లు, విద్యుద్దీపములు గల ఆ విడిదిని పత్రికలలో చూచి, సామాన్య సంసారులు తామును అట్టివారమేయని సంతోషించిరి. 1915 ఆగస్టులో యెల్లోస్టోన్ జాతీయోద్యానవనము కార్లకు ద్వారములు తెరచినది.

మొదట వారు ఎక్కడ దిగిరి? దారి ప్రక్కన రైతు పొలములో. వేలి కట్టెలు విరుచుట, తోటలో పండ్లు కోయుట, తినివేసిన డబ్బాలు విసరిపోవుట జరిగెను. రైతులు తుపాకి చూపి తరుమజొచ్చిరి. అప్పుడు ఊళ్లవారికి ఒక యోచన తోచినది. ఈ కార్లవారిని ఊరిలోనికే పిలిచి చోటిచ్చినచో, కిరాణా, పెట్రోలు మన అంగళ్లలోనే కొందురు గదా! ఈ విధముగా పురపాలక సంఘముల మజిలీలు వెలసినవి. డెన్వరు నగరము ఓవర్‌లాండు పార్కులో 160 యెకరముల నేలలో 800 స్థలములు గుర్తించి, మూడంతస్తుల విశ్రాంతి భవనమునుకూడ కట్టినది. మొదట అన్నియు ఉచితమే. ఊరికి ఊరు పోటీ.

ఉచితమగుటచే వచ్చినవారిలో సెలవులు గడపువారేగాక పనికై తిరుగువారు, ఇల్లు లేనివారు, నెలల తరబడి కదలనివారును ఉండిరి. వీరివలన అంగళ్లకు లాభము లేదు. 1920 ల దశకపు నడుమ నుండి రాత్రికి 50 సెంట్లు రుసుము, ఉండుటకు దినముల గడువు, పేరు నమోదు అను నియమములు వచ్చినవి. ఈ రుసుము పారిశుధ్యపు ఖర్చుల కొరకేయని చెప్పిరి. అది కొంతవరకు నిజము. బీదవారిని వడపోయుట దాని రెండవ ప్రయోజనము. దీనిని నాటి పెద్దలు దాచుకొననుకూడ లేదు. అదే కాలమున, 1919 లో, ఫ్లారిడా రాష్ట్రమందలి టాంపాలో చలికాలపు బాటసారులు ఒక సంఘము కట్టిరి. దాని పేరు ‘రేకుడబ్బా యాత్రికులు’. కారు ముందరి రేడియేటరు మూతపై ఒక డబ్బా అతికించుకొనుట వారి గుర్తు. ఎవరో వెక్కిరించి పెట్టిన పేరును వారు బిరుదముగా ధరించిరని ఊహింపవచ్చును. వారు మర్యాదగా మెలగుట, విడిదిని శుభ్రముగా విడిచిపోవుట అను ప్రతిజ్ఞలు చేసికొనిరి. మమ్ము దిగనీయుడని అడుగువాడు మొదట తన నడవడిని చూపుకొనవలసివచ్చెను.

ఈ చరిత్రలో నాకు మిక్కిలి ఇష్టమైన వ్యక్తి ఒక మొక్కల వైద్యుడు. పేరు ఎమిలియో మైనికే. కాలిఫోర్నియాలో వేలయేండ్ల వయస్సుగల రెడ్‌వుడ్, సెక్వోయా వృక్షముల క్రింద కార్లు యథేచ్ఛగా తిరుగుచుండెను. ఎవరికి తోచిన చెట్టుక్రింద వారు నిలుపుకొనుటయే పద్ధతి. చెట్లు పైకి పచ్చగానే యున్నవి. మైనికే నేలను పరీక్షించెను. చక్రముల బరువునకు, పాదముల త్రొక్కుడునకు మన్ను గట్టిపడి, నీరును గాలియు లోనికి చొరక, పైపైన ప్రాకు సన్నని వేళ్లు చచ్చుచున్నవని 1928 లో నివేదిక వ్రాసెను. మానవుడు చెట్టును ప్రేమించి దాని నీడకే చేరును, ఆ చేరుటయే చెట్టుకు విషమగును.

అందులకు ఆయన చెప్పిన ఉపాయము విడిదులను మూసివేయుట కాదు. 1932 లో ప్రకటించిన చిన్న పుస్తకమున ఆయన బొమ్మ గీచి చూపెను. దారి ఒకే దిక్కుగా వలయమువలె తిరిగివచ్చును. దానినుండి ఏటవాలుగా చిన్న చిన్న చీలికలు, ఒక్కొక్క చీలికలో ఒక్కొక్క కారు. కారునకు రెండు ప్రక్కల పెద్ద రాళ్లో దుంగలో అడ్డముగా నుండును. చీలిక చివర బల్ల ఒకటి, నిప్పు పెట్టుకొనుటకు స్థిరమైన పొయ్యి ఒకటి, గుడారమునకు చదునుచేసిన చోటు, నడుమ చాటుకు పొదలు. ఇక బాటసారి ఎక్కడ దిగవలెనో తాను వెదకనక్కరలేదు, నేలయే చెప్పును. 1933 మొదలు 1942 వరకు నిరుద్యోగులైన యువకులకు పని కల్పించుటకై నడచిన దళములు అరణ్యములలోను ఉద్యానవనములలోను ఈ పద్ధతిలో వేలకొలది స్థలములు కట్టినవి. నేటికిని ఆ దేశపు ప్రభుత్వ విడిదులకు ప్రాతిపదిక ఇదియే. చిక్కు ఒక్కటి. 1930 ల కారునకు గీచిన చీలికలో నేటి నలుబది అడుగుల బస్సుయిల్లు పట్టదు. అందుచే మజిలీ వెదకువారు నేటికిని మొదట అడుగు ప్రశ్న, స్థలము పొడవెంతయని.

ట్రైలరు యిల్లు ప్రబలినదికూడ ఆ దశకముననే. డెట్రాయిటు నగరపు ఆర్థర్ షెర్మను అను సూక్ష్మజీవి శాస్త్రజ్ఞుడు తన కుటుంబమునకై చేసికొన్న ట్రైలరే పెద్ద పరిశ్రమయైనది. దానికి ఆయన పెట్టిన పేరు ‘కవర్డ్ వాగన్’, అనగా పూర్వపు గుడ్డకప్పు బండియే. ఇరువదేండ్లలో అమెరికా జనులలో సగము ట్రైలరులలోనే బ్రతుకుదురని రోజర్ బాబ్సను అను ఆర్థికవేత్త జోస్యము చెప్పెను. అది ఫలింపలేదు. కాని నాడు దానిని నమ్మి భయపడిన పురపాలకులు అనేకులు. ట్రైలరులో నుండువాడు ఇంటిపన్ను కట్టడు, వాని పిల్లలు మాత్రము మన బడికి వత్తురు అని వాదము. ఊరి లోపల ఇన్ని దినములకు మించి నిలువరాదని శాసనములు పుట్టినవి.

వారికంటె దయనీయులు వేరొకరున్నారు. కరవు, ధూళి తుపానులు, అప్పులు కలిసి ఓక్లహోమా మొదలగు రాష్ట్రముల రైతులను నేల విడిపించినవి. పాతకారుపై పరుపులు, పాత్రలు కట్టుకొని వారు కాలిఫోర్నియాకు వచ్చిరి. 1936 లో లాస్ ఏంజిలీస్ నగరపు పోలీసు అధిపతి తన నగరమునకు వందల మైళ్ల దూరమున నున్న రాష్ట్రపు సరిహద్దులకు 136 మంది పోలీసులను పంపి, చేతిలో డబ్బు కనబడనివారిని వెనుకకు త్రిప్పించెను. దాటి వచ్చినవారు పంటకాలువల గట్లపై దిగిరి. వారు త్రాగినదియు ఆ కాలువ నీరే. ప్లాట్ నదీతీరపు కథ మరల ఆరంభమైనది.

కేంద్రప్రభుత్వము అప్పుడు కొన్ని శిబిరములు నిర్మించినది. ఆర్విన్ వద్ద 1936 లో నడచిన శిబిరమునకు టామ్ కాలిన్స్ అను నాతడు నిర్వాహకుడు. మంచినీటి కుళాయిలు, స్నానపుగదులు, చాకిరేవు తొట్లు, పిల్లలకు వైద్యము కలవు. శిబిరపు పాలనను నివాసులే సంఘములుగా ఎన్నికై నడపుకొనిరి. రచయిత జాన్ స్టైన్‌బెక్ అచ్చటికి వచ్చి కాలిన్స్ నివేదికలు చదివెను. 1939 లో ప్రకటితమైన ఆయన ప్రసిద్ధనవలలో ఒక శుభ్రమైన ప్రభుత్వ శిబిరము కనబడుటకు కారణమిదియే. అట్టి శిబిరములు అవసరమునకు చాల తక్కువ. అయినను ఒక సంగతి రుజువైనది. కాలువగట్టున మురికివారని యీసడింపబడినవారే, కుళాయియు తలుపున్న మరుగుదొడ్డియు దొరికిన మరునాటినుండి శుభ్రముగా నుండిరి.

నల్లజాతి బాటసారికి డబ్బున్నను చోటు దొరకని రోజులవి. న్యూయార్కు నగరమున హార్లెములో తపాలా ఉద్యోగియైన విక్టర్ గ్రీను 1936 లో ‘గ్రీన్ బుక్’ అను పుస్తకమును ఆరంభించెను. ఏ ఊరిలో ఏ బసలో తమ వారిని రానిత్తురో తెలుపు పట్టిక యది. ముప్పది యేండ్లు వెలువడినది. వర్జీనియాలోని షెనాండోవా జాతీయోద్యానవనములో లూయిస్ పర్వతమువద్ద నల్లవారికని ప్రత్యేకముగా ఒక విడిదిని 1939 లో తెరచిరి. 1950 నాటికి గాని ఆ భేదము పూర్తిగా తొలగలేదు. మజిలీకి నీరు, నీడ, చదునునేల చాలునని వ్రాయు మార్గదర్శులన్నియు ఈ పుస్తకము ముందు ఎంత అసంపూర్ణములో చూడుడు.

యుద్ధానంతరము 1956 నాటి శాసనముతో నలుబదియొక్క వేల మైళ్ల రాజమార్గములు బయలుదేరినవి. 1962 లో సియాటిల్ నగరమున ప్రపంచ ప్రదర్శనము జరిగెను. మొంటానా రాష్ట్రపు బిల్లింగ్సు పట్టణము మీదుగా అచ్చటికి పోవు కార్లను డేవ్ డ్రమ్ అను వ్యాపారి చూచుచుండెను. యెల్లోస్టోన్ నది ఒడ్డున తన నేలలో వేడినీటి స్నానము, బల్ల, పొయ్యి, చిన్న అంగడి ఏర్పరచి రాత్రికి 1.75 డాలర్లు పుచ్చుకొనెను. నేడు ‘కె.ఓ.ఎ.’ యను పేరుతో దేశమంతట వ్యాపించిన విడిదుల గొలుసునకు మొదటి కడియము అదియే. ఏ ఊరనైనను ఒకే విధమైన స్థలము దొరకుననుట దీని ఆకర్షణ. 1966 లో విన్నెబాగో కంపెనీ మోటారు యిండ్లను వరుసగా తయారుచేసి చౌక ధరకు అమ్మసాగెను. ఇక ఇంటిని సంవత్సరము పొడవునా నడపుకొనువారు తమకొక ప్రత్యేక వర్గముగా గుర్తింపు పొందిరి.

అట్టివారికై జో, కే పీటర్సన్ దంపతులు 1978 లో ‘ఎస్కేపీస్’ అను సంఘమును స్థాపించిరి. టెక్సాసులోని లివింగ్‌స్టన్ దానికి కేంద్రము. సభ్యుల ఉత్తరములు అక్కడికి చేరును. వారు ఎక్కడనుండి కోరిన అక్కడికి మూటకట్టి పంపుదురు. వాహనపు లైసెన్సుకు, ఓటుకు, బ్యాంకుకు ఎచ్చటనో ఒకచోట చిరునామా ఉండక తప్పదు గదా! సంఘము అచ్చటనే మరియొక ఏర్పాటు చేసినది. వృద్ధాప్యముచేతనో వ్యాధిచేతనో ఇక బండి నడపలేనివారు తమ బండియింటిలోనే యుండి, భోజనమును పరిచర్యను పొందవచ్చును. మజిలీల పట్టికలలో ఎవరును చేర్చని మజిలీ యిది. దానిని తలచినవారు తమలో తామే ఉండుట మెచ్చదగినది.

డబ్బు తక్కువగలవారికి ప్రభుత్వపు బయలు భూములే దిక్కు. పడమటి రాష్ట్రములలో భూపరిపాలన శాఖవారి నేలలో చాలచోట్ల రుసుము లేకుండ దిగవచ్చును. నీరు, విద్యుత్తు ఉండవు. సాధారణముగా పదునాలుగు దినములు గడచిన పిమ్మట కదలవలెను. ఈ కదలుటకు పెట్రోలు కావలెను, బండి మంచి స్థితిలో నుండవలెను. 2008 నాటి ఆర్థిక సంక్షోభము తరువాత ఇల్లు పోగొట్టుకొన్న వృద్ధులు అనేకులు ఈ లెక్కలోనే బ్రతుకుట ఆరంభించిరి. వారు వేసవిలో విడిదులలో కావలి పని, మరుగుదొడ్లు కడుగు పని చేసి స్థలమును ఉచితముగా పొందుదురు. జెస్సికా బ్రూడరు 2017 లో వ్రాసిన గ్రంథము, దానినుండి 2020 లో వచ్చిన ‘నోమాడ్‌లాండ్’ చలనచిత్రము వారిని లోకమునకు చూపినవి.

ఊరి నడుమ నిద్రించుట సంగతి వేరు. ఒరెగాన్ రాష్ట్రపు గ్రాంట్స్ పాస్ పట్టణము బహిరంగ స్థలములలో పడక వేయరాదని శాసించి జుల్మానాలు విధించెను. 2024 జూన్‌లో అమెరికా అత్యున్నత న్యాయస్థానము, అట్టి శాసనము రాజ్యాంగము నిషేధించిన క్రూర శిక్ష కాదని ఆరుగురు న్యాయమూర్తుల అభిప్రాయముతో తీర్పు చెప్పెను. ముగ్గురు విభేదించిరి. విహారయాత్రికునికిని, ఇల్లు లేనివానికిని నడుమ గీత యెచ్చట నున్నదో 1925 లో పురపాలకులను వేధించిన ప్రశ్నయే నూరేండ్ల తరువాత న్యాయమూర్తులను వేధించినది.

అరిజోనా ఎడారిలో క్వార్ట్‌సైటు అను చిన్న ఊరు కలదు. దాని చుట్టునున్న ప్రభుత్వ భూమిలో 1983 లో చలికాలపు దీర్ఘనివాస స్థలము ఏర్పరచిరి. సెప్టెంబరు 15 నుండి ఏప్రిల్ 15 వరకు ఒకే చీటిపై ఉండవచ్చును. అనేక సంవత్సరములపాటు ఆ ఏడు మాసముల రుసుము 180 డాలర్లే. పదకొండువేల యెకరములకు పైబడిన ఆ బయలులో గీతలు లేవు, చీలికలు లేవు. ఎవరికి తోచిన చోట వారు నిలుపుకొందురు. మైనికే చూచిన మొదటి అడవివలెనే. చెట్లు లేకపోవుటచే నష్టము కొంత తక్కువ. కొందరు ఒంటరిగా దూరముగా నుందురు. కొందరు పాతపరిచయస్థుల బండ్ల నడుమ చేరి, మధ్యను నెగడు వేసికొని, బండ్లను వలయముగా నిలుపుదురు. ఊరి శ్మశానములో ఒక ఒంటెలవాని సమాధి కలదు. అమెరికా సైన్యము 1856 లో ఎడారి రవాణాకై ఒంటెలను తెప్పించినపుడు వానితో వచ్చిన హాజీ అలీ అనునాతడు 1902 లో అచ్చట మరణించెను. ఆతని పేరు పలుకలేక జనులు ‘హై జాలీ’ అనిరి. రాళ్లతో కట్టిన ఆ సమాధిపై ఒక రాగి ఒంటె నిలిచియున్నది. మార్చి గడచి ఎండలు ముదురగానే బండ్లు తొట్లు ఖాళీచేసికొని ఉత్తరముగా, ఎత్తైన కొండల దిక్కుగా బయలుదేరును. ఏప్రిల్ 15 నాటికి ఆ బయలు మరల బయలే.